రెండో బ్రేకు మీద సుంకం

మార్చి 2

వదినా,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. అన్నయ్య పెట్టిన నియమం గుర్తుందిగా? "డబ్బు సంగతీ బండి సంగతీ మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకోకండి. ఎవరో ఒకరు టక్కున పెట్టేస్తారు. మధ్యలో చచ్చేది నేను" అన్నాడు. ఈ కబురులో డబ్బూ ఉంది, బండీ ఉంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

నాకు డ్రైవింగ్ స్కూలుకి అనుమతి వచ్చింది! ఆడవాళ్ళకి మాత్రమే. మా ఆయన కోల్డ్ స్టోరేజీ ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చినప్పటి నుంచీ లాండ్రీ కౌంటర్లో నిలబడి ఊళ్ళోవాళ్ళ చొక్కాలకి చీటీలు తగిలిస్తూనే ఉన్నాను కదా. నిన్నటితో మానేశాను. మా పై వాటాలో ఉండే నర్సు, బేకరీ ఆవిడ, ఇద్దరు టీచర్లు అప్పుడే పేర్లిచ్చేశారు.

మెలిక ఒకటుంది. పక్క సీటు దగ్గర కూడా బ్రేకున్న బండిని జూన్ ఆఖరులోగా లైసెన్సు ఆఫీసులో చూపించాలి. లేకపోతే అనుమతి రద్దు. మళ్ళీ అడగాలంటే రెండేళ్ళు ఆగాలట. కొత్త బండి కొనే తాహతు నాకు లేదు. ఇక్కడి పాత బండికి రెండో బ్రేకు బిగించమంటే ఏ గ్యారేజీవాడూ ముట్టుకోవడం లేదు. దానికి వేరే అనుమతులు కావాలట.

నీ షెడ్డులో నీ డ్రైవింగ్ స్కూలు పాత కారు, మన పిచ్చుక, ఊరికే పడి ఉంది కదా. నువ్వు కొత్త కారు కొన్న దగ్గర్నుంచీ దాని మీద దుప్పటి కప్పి ఉంచావని అన్నయ్య చెప్పాడు. దాన్ని నాకు అమ్ము. అమ్ము అంటున్నాను, చూసుకో.

నేను నేర్చుకున్నది దానిలోనే. కింద కుషన్ వేసుకుంటే గానీ నాకు రోడ్డు కనిపించేది కాదు. నువ్వు పక్కన కూర్చుని నీ బ్రేకు మీద కాలు ఆనించి, "పంతులమ్మ కాలు బ్రేకు మీద ఉండాలి గానీ నొక్కకూడదు. ఎదుటివాళ్ళకి తప్పు చేయడానికి కాస్త చోటివ్వాలి" అనేదానివి. నా స్కూలుకి ప్రస్తుతానికి ఉన్న పెట్టుబడి ఆ ఒక్క మాటే.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి, అంతే దర్జాగా,
నీ అర్ధమొగుడు


మార్చి 13

ఓ అర్ధమొగుడా,

పూర్తి మొగుడితోనే వేగలేక చస్తుంటే నువ్వొకర్తివి.

నీ ఉత్తరం మీ అన్నయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను. గడియారాల కొట్లో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని చదివాడు. చదివి, "మా చెల్లెలు ఓనరైంది" అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఒకాయన వాచీకి బెల్టు మార్చి డబ్బులు తీసుకోవడం కూడా మరిచిపోయాడు. చెల్లెలి స్కూలుకి ఇంత సంబరపడే మనిషి, పెళ్ళాం స్కూల్లో ఒక్కనాడైనా స్టీరింగు పట్టుకున్నాడా? ఇప్పటికీ బస్సే. డ్రైవింగ్ స్కూలు నడిపేదాని మొగుడు బస్సుకోసం పరిగెడుతుంటే నా స్టూడెంట్లు కారాపి మరీ ఎక్కించుకుంటున్నారు.

పిచ్చుక దివ్యంగా ఉంది. చింత చచ్చినా పులుపు చావలేదు. మొన్న దుప్పటి తీసి తాళం తిప్పితే ఒక్క పిలుపుకే పలికింది. నీ కుషన్ వెనక సీట్లో అలాగే ఉంది.

అమ్మకం సంగతి మా ఆడిటర్ని అడిగాను. ఆయన ఫైలు తెరిచి, "కాగితాల్లో ఈ కారు ఎప్పుడో చచ్చిపోయిందమ్మా" అన్నాడు. ఏటేటా అరుగుదల కింద విలువ తగ్గించి రాస్తూ వచ్చారట, ఇప్పుడు సున్నా. సున్నా సరుకుని ఎంతకి అమ్మినా ఆ మొత్తమంతా నాకు లాభమేనట, దాని మీద పన్ను కట్టాలట. "అయినవాళ్ళకే కదా, బహుమతి అని రాసి పారేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆడపడుచు చేతిలోంచి డబ్బు తీసుకోవడానికి నాకేమైనా పొయ్యిలో పిల్లి పడుకుందా? బహుమతి కాగితాలు తయారవుతున్నాయి. నువ్వు ఓడ కిరాయి చూసుకో చాలు.

ఇప్పుడు పాఠం ఉంది. మలుపొస్తే కళ్ళు మూసుకునే స్టూడెంటు ఒకామె వచ్చి కూర్చుంది. నా కాలు బ్రేకు మీదే ఉంది, మనసు నీ మీద ఉంది.

పూర్తి వదిన


మార్చి 25

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం.

నేను "అమ్ము" అని రాసి, చూసుకో అని కూడా రాశాను. మీరు చూసుకోలేదు. నా చదువు అన్నయ్య చెప్పించాడు. నా పెళ్ళి మీరిద్దరూ చేశారు. ఇక్కడికి వచ్చేటప్పుడు టిక్కెట్లు కూడా మీరే కొన్నారు. ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో నేను కొనుక్కుంటానంటే దానికీ అడ్డుపడాలా? నాకు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ తరవాత మీకు ఉత్తరం రాయాలనిపించింది.

ఇంకో సంగతి. స్కూలు బండి యజమాని కొన్నదై ఉండాలని లైసెన్సు ఆఫీసు నిబంధన. అమ్మకపు పత్రం చూపించాలి. మీ బహుమతి కాగితం తీసుకెళ్తే "మంచి వదినమ్మ" అని మెచ్చుకుని అనుమతి చింపేస్తారు.

ఇక్కడి కస్టమ్స్ గురించి మీకేం తెలుసు? బహుమతి అన్నా, పది రూపాయలకి కొన్నానన్నా వాళ్ళు నమ్మరు. ఏ బండికి ఎంత విలువో వాళ్ళకొక పట్టిక ఉంది. దానికి ఓడ కిరాయి కలుపుతారు. ఆ మొత్తం మీద దిగుమతి సుంకం వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలిపేసి, అంతటి మీద అమ్మకం పన్ను వేస్తారు. పన్ను మీద పన్నన్నమాట, గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ ఆడిటర్ దగ్గర చచ్చిపోయిన పిచ్చుక ఇక్కడికొచ్చేసరికి ఏనుగైపోయింది. చచ్చినా వెయ్యే.

రేవు దగ్గర సరుకు విడిపించిపెట్టే క్లియరింగ్ ఏజెంటు ఒకాయన్ని పెట్టుకున్నాను. మనిషి మంచివాడే, కాకపోతే అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతాడు. వ్యాపారం బండి అంటే సుంకం ఎక్కువట, ఇంటి బండి అంటే తక్కువట. కాబట్టి దయచేసి ఆ స్కూలు వేషమంతా తీయించి, ఇంటి బండిలా కనిపించేలా చేసి పంపండి. ధర ఎంతో రాయండి. బేరమాడే హక్కు నాకుంది.

ఇట్లు
కొనుగోలుదారు


ఏప్రిల్ 18

మహా గౌరవనీయురాలైన కొనుగోలుదారుగారికి,

వడ్డించినవాడికే వాతలు పెట్టడం మా ఆడపడుచుగారికే చెల్లింది. బాగుంది. మీ అన్నయ్యకి మీ ఉత్తరం చదివి వినిపించి, "చూశారా, నన్ను 'మీరు' అంటోంది" అంటే, "నువ్వు కూడా అను, సరిపోతుంది" అన్నాడు. అందుకే అంటున్నాను.

అమ్మకపు పత్రం ఇందులో ఉంది. ధర పాత బండ్ల బజార్లో ముగ్గురిని అడిగి, మధ్యవాడు చెప్పింది వేశాను. నువ్వు బేరమాడతావని తెలిసి ముందే కొంత పెంచాను. నువ్వు తగ్గించుకుంటావని కొంత తగ్గించాను కూడా. (చూడు, 'మీరు' అని రెండు పేరాలు కూడా రాయలేకపోయాను. నాకు చేతకాదు.)

విదేశానికి అమ్మడమంటే మాటలు కాదమ్మాయ్. ముందు ఇక్కడ రిజిస్ట్రేషను రద్దు చేయించాలి. చేయించకపోతే కారు నీ దగ్గరుంటుంది, రోడ్డు పన్ను నా దగ్గర పడుతుంది. రద్దు చేసేటప్పుడు నంబరు పలకలు తీసేసుకున్నారు. నంబరు లేని బండిని రోడ్డు మీద నడపకూడదు. అంచేత జీవితమంతా జనానికి నడక నేర్పిన పిచ్చుక, ఓడ దాకా లారీ వెనక తాడు కట్టించుకుని వెళ్ళింది. నేను చూడలేక ఇంట్లోకి వచ్చేశాను.

నువ్వు అడిగినట్టే స్కూలు వేషమంతా తీయించాను. పైన బోర్డు తీయించాను. తలుపుల మీద అక్షరాలు గీకించాను. మా మెకానిక్ చేత పక్క సీటు దగ్గరి బ్రేకు కూడా ఊడబీకించాను. నేల మీద మిగిలిన నాలుగు రంధ్రాలకి రబ్బరు బిరడాలు కొట్టించాను. ఇప్పుడు దాన్ని చూసి బడి బండి అని ఎవరైనా అంటే నా చెవి కోసి ఇస్తాను. సాక్షాత్తూ పెళ్ళికూతురు.

మెకానిక్ ఆ బ్రేకు ఊడదీసి నా చేతిలో పెడితే మాత్రం కాసేపు కింద పెట్టలేకపోయాను. అది నొక్కే చోట అరిగిపోయి నా చెప్పు ఆకారమే పడి ఉంది. నువ్వు వద్దన్నావు కాబట్టి ఊరుకున్నాను.

ఓడ బయలుదేరింది.

అమ్మకందారు


మే 12

వదినా,

కొంప మునిగింది!

నీ ఉత్తరంలో బ్రేకు ఊడబీకించావని చదవగానే ఏజెంటుని లాక్కుని రేవుకి పరిగెత్తాను. అప్పటికే పిచ్చుక ఓడ దిగి కస్టమ్స్ యార్డులో, కొత్త కార్ల మధ్య బెదురుచూపులు చూస్తూ నిలబడి ఉంది. అధికారిణి ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో విజిలు. "ఈ బండి దేనికమ్మా?" అని అడిగింది. ఏజెంటు నా వైపు కన్నుగీటుతున్నాడు. నీ దగ్గర పెరిగిన నోరు కదా, అబద్ధం రాలేదు. "డ్రైవింగ్ నేర్పడానికండీ" అనేశాను.

ఆవిడ మొహం వికసించింది. "ముందే చెప్పొద్దా? శిక్షణ బండ్లకి సుంకంలో సగానికి పైగా రాయితీ ఉంది. ఆ గోడ మీద రాసే ఉంది చూడు. రెండో బ్రేకు చూపించు, సంతకం పెట్టేస్తా" అంది. నిజమే వదినా, గోడ మీద నా అంత ఎత్తు అక్షరాలతో రాసి ఉంది. ఏజెంటు దాని కిందే ఇరవై ఏళ్ళుగా టీ తాగుతున్నాడట.

నేనేం చూపించను? తలుపు తీశాను. నాలుగు రబ్బరు బిరడాలు. ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది. "ఇది ఇంటి బండి. ఇంటి బండైతే ఇంత పాతది దేశంలోకి రానివ్వం. వెనక్కి పంపించుకో, లేదా తుక్కు చేయిస్తాం" అంది. బతిమాలితే జూన్ పదిహేను దాకా గడువిచ్చింది.

నేను తీయమన్నది బోర్డు, వదినా! బోర్డూ అక్షరాలూ! రెండో బ్రేకు కోసమే కదా ఇంత దూరం నుంచి తెప్పించుకున్నది? అది లేని పిచ్చుకని నేనేం చేసుకోను, పెంచుకోనా?

పై వాటా నర్సు పొద్దున మెట్ల మీద ఎదురై, "మొదటి క్లాసు ఎప్పుడు?" అని అడిగింది. త్వరలో అన్నాను. లాండ్రీలో నా స్టూలు మీద వేరే అమ్మాయి కూర్చుంది. భయంగా ఉంది. ఆ బ్రేకు ఉందా, తుక్కులో వేశావా? ఉంటే పంపు. పార్సిల్లో వద్దు, దాన్ని మళ్ళీ కస్టమ్స్ వాళ్ళు ఆపితే దానికింకో ఏజెంటు కావాలి.

నీ
(ఈసారి ఏ మొగుణ్ణీ కాదు, వట్టి మరదల్ని)


మే 23

పిచ్చి మొద్దూ,

బోర్డు అని రాయడానికి చెయ్యి నొప్పా? "స్కూలు వేషమంతా" అంటే నాకేం తెలుస్తుంది? కోపంలో నువ్వు రాశావు, కోపంలో నేను చదివాను. 'మీరు' అని పిలుచుకుంటే ఇలాగే తగలడుతుంది.

బ్రేకు ఉంది. నేను పారేస్తానా? బీరువాలో చీరల కింద దాచాను. దాని కడ్డీ, బోల్టులు అన్నీ ఉన్నాయి. ఎలా బిగించాలో మెకానిక్ మీ అన్నయ్యకి మూడుసార్లు చెప్పాడు. ఎందుకంటే అవి తీసుకొస్తున్నది మీ అన్నయ్యే. గురువారం విమానం. నేను వద్దామంటే పదిమందికి పరీక్షలు ఇదే వారంలో ఉన్నాయి.

ఆయన సంగతి తెలుసుగా. ఆవగింజంత మరలు తిప్పే చేతులు. ఆ బ్రేకుని చేత్తో పట్టుకుని, "అబ్బో, దీనికి స్ప్రింగెక్కడ?" అని వెతుకుతున్నాడు. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే, "మా ఆవిడ కాలు" అని చెబుతానంటున్నాడు. అలా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. అయినా నమ్మకం లేదు.

భయపడకు. నువ్వు మొదటిసారి ఎత్తు రోడ్డెక్కినప్పుడు, బండి వెనక్కి జారుతుంటే నా వైపు చూశావు గుర్తుందా? నేను నొక్కలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నువ్వే ఆపావు. ఇప్పుడైతే అసలు నాకు బ్రేకే లేదు, మీ అన్నయ్య సంచిలో ఉంది. ఆపుకోవడం నీ వంతు.

వదిన


జూన్ 14

వదినోయ్!

రొట్టె విరిగి నేతిలో పడింది! ముందు ఆ మాట రాసేస్తే గానీ మిగతాది రాయలేను.

అన్నయ్య దిగాడు. విమానాశ్రయంలో ఒట్టు తప్పాడు. "మా ఆవిడ కాలండీ" అన్నాడట, వాళ్ళు అరగంట కూర్చోబెట్టారట. అది వదిలెయ్. పాసుల కోసం రెండు వారాలు తిరిగి, నిన్న పొద్దున్నే యార్డుకి వెళ్ళాం. లోపలికి పోవడానికి ఏజెంటుకీ, నాకూ, సరుకు తెచ్చినవాడు కాబట్టి అన్నయ్యకీ, ఒక మెకానిక్కీ మాత్రమే పాసులిచ్చారు. మెకానిక్ సీటు కింద దూరి బిగిస్తుంటే అన్నయ్య టార్చి పట్టుకుని, "నెమ్మదిగా బాబూ, అది పాపం" అంటూ నిలబడ్డాడు.

అధికారిణి వచ్చి చూసింది. "ఇనుప ముక్క బిగించి బ్రేకంటే కుదరదు. పనిచెయ్యాలి. బండి నడపడం రాని మనిషిని కూర్చోబెట్టి, నువ్వు పక్క నుంచి ఆపి చూపించు" అంది. ఏజెంటు గబుక్కున ముందుకొచ్చాడు. "లైసెన్సుందా?" అంది. ఉందన్నాడు. "నువ్వొద్దు. వచ్చినవాడు రానట్టు నటిస్తాడు" అంది. మెకానిక్కి కూడా ఉంది. అందరం ఒక్కసారే అన్నయ్య వైపు తిరిగాం.

వదినా, ఆయన మొహం నువ్వు చూడాల్సింది. "నేనా? నేను బస్సు మనిషినండీ" అన్నాడు. "మీలాంటివాళ్ళే కావాలి" అంది ఆవిడ.

నా కుషన్ ఆయన వీపు వెనక పెట్టాను. క్లచ్చి, గేరు, యాక్సిలరేటరు, అచ్చం నువ్వు చెప్పినట్టే చెప్పాను. చేతికున్న వాచీ తీసి ఏజెంటుకిచ్చాడు, అదేదో యుద్ధానికి వెళ్తున్నట్టు. బండి రెండు గెంతులు గెంతి కదిలింది. కదిలిందని సంతోషం పట్టలేక ఇంకాస్త తొక్కాడు. ఎదురుగా అధికారిణి గారి గాజు గది, ఆవిడ లోపల్నుంచి చూస్తోంది. "బ్రేకు, అన్నయ్యా" అన్నాను. ఆయన కంగారులో మళ్ళీ అదే తొక్కాడు.

నా కాలు బ్రేకు మీదే ఉంది. నీ చెప్పు ఆకారంలో అరిగిన చోటే ఆనింది. ఒక్క క్షణం చోటిచ్చాను. ఆయన కాలు తడుముకోవడం కనిపించింది, కానీ బ్రేకు దొరకలేదు. అప్పుడు నొక్కాను. గాజు గదికి జానెడు దూరంలో ఆగాం. లోపల ఆవిడ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది, విజిలు నోట్లోనే ఉంది గానీ ఊదలేదు.

కిందికి దిగి, బయటికొచ్చి, సంతకం పెట్టింది. శిక్షణ బండి అని ముద్ర కూడా కొట్టింది. తరవాత నన్ను పక్కకి పిలిచి, "నాకు కూడా నడపడం రాదమ్మా. కార్ల యార్డులో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను కదా, ఎవరికీ చెప్పుకోలేను. ఆదివారాలు నేర్పుతావా?" అని అడిగింది. నా ఐదో స్టూడెంటు ఆవిడే.

సుంకం కట్టేశాను. పన్ను మీద పన్ను కూడా కట్టేశాను. అన్నీ నా డబ్బులే. రసీదు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను, నవ్వకు. రేపు లైసెన్సు ఆఫీసుకి. దరఖాస్తులో స్కూలు పేరు దగ్గర ఇన్నాళ్ళూ ఖాళీ వదిలేశాను. ఇవాళ నింపాను. 'వదిన డ్రైవింగ్ స్కూలు' అని రాశాను. ఇక్కడ నా స్టూడెంట్లకి నువ్వెవరో తెలియదు, నన్నే వదిన అనుకుంటారు. అనుకోనీ. నీ అనుమతి అడగలేదు. ఆడపడుచుని, అడగను.

నీ పూర్తి ఆడపడుచు


జూలై 1

నా తల్లీ,

మీ అన్నయ్య ఇల్లు చేరాడు. గుమ్మంలో చెప్పులు విడవకుండానే, "రెండో పాఠం ఎప్పుడు?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒక్కనాడూ నా పక్కన స్టీరింగు పట్టని మనిషి నీ పక్కన కూర్చుని ఒక గాజు గది మీదికి పోయొచ్చాక ధైర్యమొచ్చింది. ఎందుకని అడిగితే, "గుద్దేస్తానని ఇన్నాళ్ళూ భయం. మా చెల్లెలు ఆపేసింది. ఇంకేం భయం?" అంటున్నాడు. కడుపు మండింది, కడుపు నిండింది కూడా. ఇప్పుడు రోజూ పొద్దున కొట్టు తెరవకముందు వీధి చివర దాకా తీసుకెళ్తున్నాను. ఆయనకి బ్రేకు బాగా వచ్చింది. కదలడమే రావడం లేదు.

నువ్వు పంపిన డబ్బు అందింది. ఆడిటర్ లెక్క చూసి, చచ్చిపోయిన పిచ్చుక మీద వచ్చిన లాభానికి పన్ను కట్టమన్నాడు. కట్టాను. "బహుమతి అని రాసుంటే ఇది తప్పేదిగా?" అని మళ్ళీ అన్నాడు. "మా ఆడపడుచు కొనుక్కుందండీ. కొన్నదాన్ని బహుమతి అని ఎలా రాస్తాను?" అన్నాను. ఇన్నేళ్ళుగా పన్నులు కడుతున్నాను గానీ, ఆఫీసు మెట్లు ఇంత దర్జాగా దిగింది ఇదే మొదటిసారి.

లైసెన్సు ఆఫీసువాళ్ళు పిచ్చుకకి కొత్త నంబరిచ్చారని నువ్వు మీ అన్నయ్యకి చెప్పిన కబురు విన్నాను. పేరు సంగతి నీ ఉత్తరంలో చదివాను. దాని గురించి ఏమీ రాయలేను, రాస్తే అక్షరాలు అలుక్కుపోతాయి.

పిచ్చుక పైనుంచి దించిన పాత బోర్డు మొన్నటిదాకా షెడ్డులోనే ఉంది. నా స్కూలుకి వేరే పేరున్నా, ఊళ్ళో అందరూ వదిన స్కూలు, వదిన స్కూలు అంటున్నారని అప్పట్లో అదే పేరు రాయించాను, గుర్తుందా? పెయింటరు చేత అక్షరాలు మెరుగు పెట్టించాను. కింద నా ఫోన్ నంబరు చెరపనా అని అడిగాడు. ఉండనీ అన్నాను. నీ స్టూడెంటు ఎవరైనా పొరపాటున నాకు చేస్తే, మీ పంతులమ్మ మలుపులో ఎలా అరిచేదో చెబుతాను.

నిన్న ఆ బోర్డుని పార్సిల్ కట్టి నీకు పంపాను. కౌంటర్లో అమ్మాయి, "ఏమని రాయమంటారు?" అంది. బహుమతి అని రాయమన్నాను. ఇది మాత్రం బహుమతే, నోరు మూసుకుని తీసుకో. నీ అధికారిణి దాని మీద కూడా సుంకం వేస్తే నువ్వే కట్టుకో. కోపమొస్తే ఫోన్ చెయ్యి. మీ అన్నయ్యని అడిగాను, ఇక ఫర్వాలేదన్నాడు.

నీ కాలు బ్రేకు మీదే ఉంచుకో.

వదిన